పణిక్కర్ కోరిన సంభాషణ

మతసామరస్య సభల్లో మనం చూసేది దాదాపు ఒకటే తంతు. వేదిక మీద నలుగురు మతపెద్దలు కూర్చుంటారు, తలా పది నిమిషాలు తమ మతం గొప్పదనం చెబుతారు, శాలువాలు కప్పించుకుని ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి చెందిన (కాటలన్) తత్వవేత్త రైమోన్ పణిక్కర్ లెక్కలో ఇది సంభాషణే కాదు. ఎదుటివారి విశ్వాసం మన మనసులోకి వచ్చి మన విశ్వాసాన్నే నిలదీయాలి, ఆ తర్జనభర్జన ముందు మన లోపలే జరగాలి అన్నది ఆయన పట్టు.

పణిక్కర్ 1918లో బార్సిలోనాలో పుట్టారు. తల్లి కాటలన్ కేథలిక్, తండ్రి కేరళ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన హిందువు. 1946లో ఆయన కేథలిక్ ఫాదర్ అయ్యారు. తత్వశాస్త్రం, రసాయన శాస్త్రం, క్రైస్తవ దైవశాస్త్రం మూడింటిలోనూ డాక్టరేట్లు సంపాదించారు. 1950ల నడుమ తండ్రి పుట్టిన దేశానికి వచ్చారు. మైసూరు, బనారస్ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేశారు.

కాశీలో మొదలైన శ్రమకు ఫలం 1977లో వెలువడిన ‘మంత్రమంజరి’. వేదమంత్రాలకు, ఉపనిషత్తుల భాగాలకు 900 పేజీలు దాటిన ఇంగ్లిష్ సంకలనం అది. మంత్రాలను ఆయన కాలక్రమంలో పేర్చలేదు. ఉషస్సుతో మొదలుపెట్టి మొలకెత్తడం, వికసించడం, వాడిపోవడం, చావు, విముక్తి మీదుగా సంధ్య దాకా నడిపించారు. వేదాన్ని పురాతన వస్తువుగా కాక నేటి మనిషి బతుకులో నిలబెట్టి చదివిన పద్ధతి అది. పరాయి గ్రంథాన్ని గౌరవించడమంటే ఏళ్ల తరబడి ఇంత కష్టపడటమే!

క్రైస్తవుడిగా బయల్దేరి, హిందువునని తెలుసుకుని, బౌద్ధుడిగా తిరిగి వచ్చానని, ఏనాడూ క్రైస్తవం వదల్లేదని ఆయన చెప్పుకున్నారు. వినగానే గోడమీద పిల్లివాటం అనిపించవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. అన్ని మతాలూ ఒకటేనని ఆయన తేల్చేయలేదు. తేడాలు తేడాలుగానే ఉంటాయి, వాటితో కలిసి బతకడం నేర్చుకోవాలి అన్నారు. అన్నీ ఒకటేనని అనేస్తే ఇక ఎవరి మాటా వినాల్సిన పని ఉండదు కదా.

మానవ హక్కులు పాశ్చాత్య భావనేనా అని ప్రశ్నిస్తూ 1982లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ పదునుగానే ఉంది. ప్రతి సంస్కృతీ ఒక కిటికీ అంటారందులో. తన కిటికీలోంచి చూసేవారికి అద్దం కనపడదు, బయటి దృశ్యమే కనపడుతుంది. పొరుగువారు చెబితేనే మధ్యలో అద్దం ఉందని తెలుస్తుంది. హక్కుల భావన పడమటి నేలలో పుట్టినంత మాత్రాన మనకు అక్కర్లేదని ఆయన అనలేదు. మనిషి గౌరవాన్ని భారతీయ సంప్రదాయం దేని మీద నిలబెట్టిందో వెతికి, ధర్మం దగ్గర ఆగారు. అక్కడ మనిషి ఒంటరి వ్యక్తి కాడు. తోటివారితో, సమస్త జీవులతో, లోకంతో ముడిపడి ఉంటాడు, హక్కు వెంట బాధ్యతా ఉంటుంది. ధర్మం పేరుతోనే ఈ నేల మీద కులం కట్టుబాట్లు సాగాయి కాబట్టి, ఈ వాదాన్ని మనం గట్టిగా ప్రశ్నిస్తూనే చదవాలి. అలా ప్రశ్నించడం ఆయన కోరిన సంభాషణలో భాగమే.

హార్వర్డ్, కాలిఫోర్నియాల్లో పాఠాలు చెప్పి, చివరికి కాటలన్ కొండ ఊరు తావెర్తెట్‌లో స్థిరపడి, 2010లో అక్కడే కన్నుమూశారు. ఆయన గ్రంథాలయం ఇప్పుడు జిరోనా విశ్వవిద్యాలయంలో ఉంది. కేరళ మూలాలున్నాయని ఆయన్ను మనవాడిగా చెప్పుకుంటే సరిపోదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల తత్వశాస్త్ర, న్యాయశాస్త్ర విభాగాలు 1982 నాటి ఆ వ్యాసాన్ని ఈ ఏడాదే క్లాసులో పెట్టి, విద్యార్థులతో వాదోపవాదాలు చేయించాలని కోరుతున్నాం.