పాత చిత్రానికి కొత్త రంగు పులమొద్దు

లేపాక్షి వీరభద్రాలయంలో చిత్రాలు చూడాలంటే తలెత్తి నిలబడితే చాలదు, కాసేపటికే మెడ పట్టేస్తుంది. జనం పలచగా ఉన్న పూట చూసుకుని నాట్యమంటపం రాతి నేల మీద వెల్లకిలా పడుకోవాలి. కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటుపడ్డాక పైకప్పు ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఎర్రకావి, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, వాటి చుట్టూ మసి నలుపుతో తీసిన గీత. ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, శ్రీరామ పట్టాభిషేకం, ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ.

కథలు పాతవే. బట్టలు మాత్రం ఆ చిత్రకారుల కాలానివి. మగవాళ్ల తల మీద పొడుగాటి కుల్లాయిలు, ఆడవాళ్లకు పక్కకు వాలిన పెద్ద కొప్పులు. ఒకరి చీర అంచుకూ పక్కనున్నామె చీర అంచుకూ పోలిక ఉండదు. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో ఆలయం కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా పరివారంతో సహా కప్పు మీదే ఉన్నారు. పురాణం చెబుతూనే తమ కాలాన్ని, తమ మనుషులను అందులో నిలిపారు ఆ చిత్రకారులు. ఊరి చరిత్రను గోడకెక్కించడమంటే నా దృష్టిలో అదే.

అక్కడికి వచ్చేవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. ‘రంగులు వెలిసిపోయాయి, మళ్లీ వేయిస్తే ఎంత బాగుంటుందో!’ ఆ మాట ప్రేమతోనే అంటారు. కానీ అలా వేయించిన రోజున ఆ చిత్రం పోయినట్టే. వెలిసిన గీతలో కూడా 500 ఏళ్ల నాటి చేయి ఉంది. దాని మీద మన కుంచె పడితే మిగిలేది మన చేతి పనే.

అసలు రంగు ఎందుకు పోతోందో చూడకుండా రంగు గురించి మాట్లాడి లాభం లేదు. రాతి మీద సున్నం, ఇసుక కలిపిన పూత, దాని మీద నున్నటి సున్నపు పూత, ఆ పైన రంగులు. ఇదీ ఆ చిత్రాల పొందిక. దీనికి మొదటి శత్రువు నీళ్లు. కప్పు పైన పగులు పడితే వాన నీరు ఇంకి, లోపలి లవణాలను కరిగించుకుని కిందికి దిగుతుంది. చెమ్మ ఆరేటప్పుడు ఆ ఉప్పు రంగు పొర వెనకాల గడ్డకట్టి దాన్ని బయటికి నెడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. చాలాచోట్ల కప్పు కారుతోందని సిమెంటు పూస్తారు. సిమెంటు చెమ్మను లోపలే బంధిస్తుంది, తన లవణాలనూ కలుపుతుంది. గానుగ సున్నంతో కట్టినదానికి గానుగ సున్నమే మందు. ముందు మేస్త్రీ కప్పు పైకెక్కాలి. చిత్రం పని ఆ తర్వాతే.

మంచి మనసుతో చేసిన పని కూడా ఎలా ఎదురుతిరుగుతుందో అజంతా చెబుతుంది. అజంతా అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులను రప్పించింది. ఊడిపోతున్న పూతను వాళ్లు గోడకు అతికించారు. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ మెరుపు కోసం, రక్షణ కోసం పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కింది, పగిలింది, రంగుల అసలు ఛాయను కప్పేసింది. దాన్ని తొలగించే పనికి పురావస్తు శాఖ రసాయన నిపుణులకు దశాబ్దాలు పట్టింది. వెనక్కి తీయలేని పని ఏదీ పాత చిత్రం మీద చేయకూడదన్న నియమం ఇలాంటి అనుభవాల నుంచే గట్టిపడింది.

లేపాక్షికి కాపలా ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. నా దిగులంతా ఏ జాబితాలోనూ లేని చిన్న గుళ్ల గురించి. జాతర వస్తోందంటే వెల్ల వేస్తారు, ఎనామిల్ రంగు కొడతారు. ఆ వెల్ల కింద ఏముందో అడిగేవారుండరు. జీర్ణోద్ధరణ అంచనాకు ముందు ప్రతి గోడనూ, కప్పునూ ఫొటో తీసి భద్రపరచడం దేవాదాయ శాఖ తప్పనిసరి చేయాలి. ఆ పనికి మంచి కెమెరా, నిచ్చెన, ఒక రోజు చాలు.

మరి బొమ్మ వేయాలన్న ఊరి ఉబలాటం ఏం కావాలి? దానికి కొత్త గోడలున్నాయి. బస్టాండ్లు, బడి ప్రహరీలు, ఫ్లైఓవర్ స్తంభాలు. పట్టణాల్లో ఇప్పటికే రంగులు వేస్తున్నారు, సంతోషమే. కానీ ఒక ఊళ్లో చూసిన నెమలీ సీతాకోకచిలుకా పక్క ఊళ్లోనూ ఉంటాయి. హిందూపురం గోడ మీద పట్టుగూళ్ల మార్కెట్ ఎందుకు ఉండకూడదు? ధర్మవరం గోడ మీద మగ్గం ముందు కూర్చున్న మనిషి ఎందుకు ఉండకూడదు?

వేసే చేతులూ లేపాక్షి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. వాళ్ల బొమ్మల నగలు, చీర అంచులు, పక్కకు తిరిగిన ముఖాలు చూస్తే నాకు లేపాక్షి కప్పే గుర్తొస్తుంది. ఆటకు పిలుపులు తగ్గి, వాళ్లలో చాలామంది అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. వాళ్లకు గోడ ఇవ్వండి. ముందు మంచి సున్నపు పూత వేయించండి, కొన్నేళ్లకోసారి మరమ్మతుకు డబ్బు అదే అంచనాలో రాసిపెట్టండి. కూలి మాత్రం చదరపు అడుగు లెక్కన వద్దు, రోజు లెక్కన కట్టండి. ఒక చీర అంచుకూ ఇంకో చీర అంచుకూ పోలిక లేకుండా గీయాలంటే తొందర పనికిరాదు.