ఒక్క గంట గారికి పర్లాకిమిడి నుంచి ఉత్తరం

మహారాజశ్రీ ఒక్క గంట గారి సముఖానికి,

మా ఒడియా ఇరుగుపొరుగు మిమ్మల్ని ఘంటా అంటారు, మేం గంట అంటాం. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఏ భాషలో పిలిచినా మీరు అరవై నిమిషాలే. ఉపాధి సర్వే కాయితం మీదకి ఎక్కాక మాత్రం ఏడు రోజులంత అయిపోతారు: వారంలో ఒక్క గంట పని చేసినా ఆ వారమంతా ఉపాధిలో ఉన్నట్టే లెక్క. అంత చిన్న ఒంట్లో అంత బలం ఎలా పట్టిందో అడుగుదామనే ఈ ఉత్తరం.

మీ పనితీరు తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. దేశంలో ఉపాధి, నిరుద్యోగాల లెక్క తేల్చే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే వాళ్లు ఇంటికొచ్చి, గడిచిన ఏడు రోజుల్లో ఒక్కో రోజు ఏం చేశారో రాసుకుంటారు. పనికో కోడ్. ఉద్యోగం వెతికితే 81, సొంతింటి వ్యాపారంలో జీతం లేకుండా చెయ్యి వేస్తే 21, కూలికెళ్తే 51, ఉపాధి హామీకైతే 42. బరంపురంలో బ్యాంకు పరీక్షలకి దరఖాస్తులు పెట్టుకుంటున్న కుర్రాణ్ణే తీసుకోండి. ఆరు రోజులు 81. ఏడో రోజు నాన్న భోజనానికి లేస్తే గల్లాపెట్టె దగ్గర గంటసేపు కూర్చుని పావుకిలో చింతపండూ రెండు సబ్బులూ అమ్మాడు. అది 21. పని చేసినవాళ్లకి మొదటి పీట, వెతికినవాళ్లకి రెండో పీట, రెండూ కానివాళ్లు గుమ్మం బయట అన్నది మీ ప్రాధాన్య సూత్రం. అంచేత ఆరు 81లూ ఒక్క 21 ముందు తలొంచుతాయి. వారం మొత్తానికి కుర్రాడు ఉపాధిలో ఉన్నట్టే. ఈ సంగతి వాళ్లమ్మకి తెలిస్తే రేపే సంబంధాలు చూడ్డం మొదలెడుతుంది.

మీ వంశాన్ని తక్కువ చేసి మాట్లాడం. 1982లో జెనీవాలో కూర్చున్న కార్మిక గణాంకవేత్తల 13వ అంతర్జాతీయ మహాసభ మిమ్మల్ని ప్రమాణంగా ఒప్పుకుంది. కారణం కూడా సబబే. ఎంత చిన్న పని వల్ల వచ్చిన సరుకైనా జాతీయాదాయంలో కలుస్తుంది కదా, ఆ పని చేసిన మనిషి ఉపాధి లెక్కలో లేకపోతే రెండు పద్దులూ పొసగవు. కాకపోతే అదే పరంపరలో 2013 నాటి 19వ మహాసభ, సొంత తిండికి పండించుకునే పనిని ఉపాధిలోంచి తీసి పక్కన పెట్టింది. మనవాళ్లు మిమ్మల్ని అట్టేపెట్టుకున్నారు గానీ ఆ సవరణ జోలికి పోలేదు. కొండ మీద పోడులో చోళ్లు పండించి, గింజ అమ్మకుండా అంబలి కాచుకు తాగినా మన పద్దులో ఉపాధే.

మీకో అరపూట అన్నగారు ఉండేవారు, గుర్తున్నారా? పాత ఐదేళ్ల సర్వేల్లో రోజు లెక్క అనేవారు. నాలుగు గంటలు దాటితే పూర్తి రోజు, గంట నుంచి నాలుగు గంటలైతే అరరోజు. 2011-12లో, ఆ సర్వేల 68వ రౌండులో, ఏడాది లెక్కన నిరుద్యోగం 2.2 శాతం, మీ వారం లెక్కన 3.7, అన్నగారి లెక్కన 5.6. అవే ఇళ్లు, అవే మనుషులు. 2017 ఏప్రిల్‌లో ఈ కొత్త సర్వే వచ్చాక అన్నగారు ముందు గదిలో కనపడ్డం మానేశారు.

ఇంక ఏడాది లెక్క పెద్దమ్మది మరీ పెద్ద మనసు. 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశావో ముందు అడుగుతుంది. అక్కడ తప్పినవాళ్లకి, పోనీ 30 రోజులైనా ఏదో ఒక పని చేశావా అని ఇంకో అవకాశం ఇస్తుంది. 2017-18లో ఆవిడ లెక్క 6.1 శాతం, మీది 8.9. (ఆ నివేదికని ఆపేశారన్న నిరసనతో 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు. కాయితం బయటికొచ్చింది మే 31న, కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసిన మర్నాడు.) 2023-24లో ఆవిడది 3.2, మీది 4.9. 2025 నుంచి నెలనెలా అచ్చయ్యేది మీ లెక్కే: ఆ ఏడాది ఏప్రిల్‌కి 5.1, మే నెలకి 5.6. పేపర్లవాళ్లు ఆవిడ 3.2ని మీ 5.1 పక్కన పెట్టి గుండెలు బాదుకుంటారు. అది బియ్యాన్ని శేరుతో కొలిచి, పప్పుని కిలోతో తూచి, తేడా వచ్చిందని కొట్టువాడితో దెబ్బలాడ్డం లాంటిది.

ఇవన్నీ ఢిల్లీ గొడవలు. మా గుమ్మంలో మీరు పడే అవస్థ వేరు. చాకిరీ అనే ఒక్క మాట చాలు. ఒడియాలో చాకిరి అంటే నెలజీతం ఉద్యోగం. తెలుగులో ఏమిటో మీకు చెప్పాలా? సర్వే ఆయన ఒడియాలో, ఇంట్లో ఎవరికైనా చాకిరి ఉందా అంటాడు. అమ్మ తెలుగులో వింటుంది. "లేకేటి బాబూ, తెల్లారి లేచిన కాడ్నించి చాకిరీయే" అంటుంది. ఆయన తెలివైనవాడైతే నవ్వి మళ్లీ అడుగుతాడు. తొందరలో ఉంటే 92 వేస్తాడు, అంటే ఇంటి పనులు మాత్రమే. పోనీ తెలుగు వచ్చినాయనే వచ్చి "ఏం పని చేస్తారమ్మా" అన్నా అంతే. "పనేటుంది, ఇంటికాడే" అని జవాబు. మన భాషలో ఆడవాళ్ల విషయంలో పని అంటే బయటికెళ్లి డబ్బు తెచ్చేదే. మగవాళ్ల విషయంలో ఉద్యోగం అంటే సర్కారుదే, మిగతావాళ్లంతా ఖాళీగా తిరుగుతున్నట్టే.

బరంపురం పట్టు నేసే ఇంటికి వెళ్లండి. మగ్గం మీద మగాయన. ఆసు పోసేది, కండెలు చుట్టేది, తెగిన పోగు అతికేది ఆవిడ. కండె చుట్టకపోతే నాడె నడవదు. "మీ ఆవిడ ఏం చేస్తుంది" అని ఆయన్ని అడిగితే "ఏం చెయ్యదండి, ఇంట్లో ఉంటుంది" అంటాడు, రాట్నం చప్పుడు వినపడుతూ ఉండగానే. అక్కడికి 92. అదే ఆవిడ్నే పిలిచి, నిన్న పొద్దున్న ఏం చేశావు, కండెలు ఎన్ని చుట్టావు అని అడిగితే 21. మనిషీ రాట్నమూ ఒకటే, మారింది ప్రశ్నా, జవాబు చెప్పిన నోరూ. పల్లెల్లో పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లూ పని వెతికేవాళ్లూ కలిపి 2017-18లో 24.6 శాతం, 2023-24కి 47.6. ఆడా మగా కలిపి మొత్తం ఉపాధిలో ఈ 21, అంటే సొంతింటి వ్యాపారంలో జీతం లేని సాయం, 13.6 శాతం నుంచి 19.4కి చేరింది. ఇందులో కొత్తగా చుట్టిన కండెలెన్ని, ఎప్పట్నుంచో చుడుతున్నా కొత్తగా కంటబడినవెన్ని అన్నది ఆ అంకె చెప్పదు. రాబడి సంగతి సరేసరి. 21కి సొంత రాబడి గడే లేదు.

ఇప్పుడు ఎంపికైన ఇంటికి వరసగా నాలుగు నెలలు నాలుగుసార్లు వస్తున్నారు. మంచి ఏర్పాటు. గజపతి కొండల్లో ఒకావిడ ఇంటికి ఫిబ్రవరిలో మొదటి రాక అనుకోండి. ఆ వారం కొండచీపుర్లు కోసి, కట్టలు కట్టి, సంతలో అమ్మింది: 11, సొంత వ్యాపారి. గత 30 రోజుల్లో రాబడి ఎంత అంటే, ఉప్పుకీ నూనెకీ పోయింది తీసేస్తే ఏం మిగిలిందో ఆవిడకే తెలీదు, అయినా ఏదో ఒక అంకె రాయాలి. మార్చిలో చెరువు పని: 42. ఏప్రిల్‌లో జీడితోటలో పిక్కలు ఏరే కూలి: 51. మేలో ఎండలకి పనుల్లేవు. అడవిలో కట్టెలు ఏరి ఇంటికి తెచ్చుకుంది: 93, అంటే ఇంటి పనులతో పాటు ఊరికే దొరికేవి ఏరుకోవడం. ఆ మోపే సంతలో పెట్టి ఉంటే మళ్లీ 11. పని దొరికితే వెళ్తావా అని అడిగి ఉంటే, ఎందుకెళ్లను అనేది, అప్పుడు 82, నిరుద్యోగి. 92, 93 పడ్డవాళ్లని ఆ మాట అడగడం మర్చిపోతే అంతే సంగతులు. నాలుగు నెలల్లో మూడు వేషాలు వేసి, నాలుగో నెల ఆవిడ లెక్కలోంచే మాయమైంది. నిరుద్యోగం మాత్రం పెరగలేదు.

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్ల ఊసు ఎత్తితే ఉత్తరం తెగదు. ఆరు నెలలు దాటితే ఇక్కడి ఇంట్లో మనిషి కాదు. అక్కడ మెస్‌లో ఉంటే ఒక్కొక్కడూ ఒక కుటుంబం, ఏకసభ్య కుటుంబం. షిఫ్టులో ఉన్నవాడి తలుపు తట్టేదెవరు? కోతలయ్యాక దాదన్ అడ్వాన్సు (వలస కూలీలకి ముందుగా ఇచ్చే డబ్బు) తీసుకుని ఇటుకబట్టీలకెళ్లి, వానల ముందు తిరిగొచ్చేవాళ్లు సరిగ్గా ఆ ఆరు నెలల కంచె మీదే కూర్చుంటారు. ఏ పక్క దింపుతారో సర్వే ఆయన ఇష్టం.

మా జిల్లా రేటు ఎంతో చెప్పమని అడిగేవాళ్లకో మాట. దేశం మొత్తమ్మీద 22,692 నమూనా ఊళ్లూ వార్డుల తునకలూ, ఒక్కోదాంట్లో పన్నెండు ఇళ్లు. జిల్లాల సంఖ్యతో భాగిస్తే సగటున ఒక్కో జిల్లాకి ముప్పై అటూఇటూ. ఇంటికి పనిలోనో వెతుకులాటలోనో ఉన్నవాళ్లు ఇద్దరనుకుంటే ఊరికి ఇరవై నలుగురు. అయిదు శాతమంటే ఊరికి ఒక్కడు. ఆ ఒక్కడు ఆ వారం చుట్టాలింటికి వెళ్తే ఊరికి ఊరే పూర్ణ ఉపాధి.

మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. మీరు అచ్చయ్యే ప్రతిచోటా మీ పక్కన వారానికి సగటున ఎన్ని గంటలన్నది కూడా అంతే లావు అక్షరాల్లో అచ్చేయించండి. రోజుకెన్ని గంటలో షెడ్యూల్లో ఎలాగూ రాసుకుంటున్నారు. మా వైపు వచ్చే ఆయనకి చాకిరి అనొద్దని చెప్పండి, కామ అంటే చాలు. కోడలి సంగతి కోడల్నే అడగమనండి. ఏం చేస్తావని కాకుండా, నిన్న పొద్దున్న, నిన్న మధ్యాహ్నం, నిన్న సాయంత్రం అని విడదీసి అడగమనండి. పొలం దగ్గరుంటే గట్టు మీదకి రమ్మనండి, మజ్జిగ ఇస్తాం.

ఇట్లు,
పనీపాటా లేనివాళ్లమని ఒకరూ, పనిలో ఉన్నవాళ్లమని ఒకరూ రాసుకున్న సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు.

తా.క.: ట్యాబ్ పట్టుకుని కొండెక్కొచ్చే సర్వే ఆయన కాంట్రాక్టు మనిషైతే, ఆయన ఇంటికి మీరెళ్లినప్పుడు 31 (నెలజీతం కోడ్) వేసి, ఒప్పందం ఏడాదిలోపా, మూడేళ్లలోపా అన్న గడి దగ్గర కాస్త ఆగండి. ఆయనకీ తెలీకపోవచ్చు.