‘లక్షణంగా’ ఉన్నవాళ్ళకేనా ఉద్యోగం?

మూడేళ్ళ కిందట మా సంస్థలో ఒక జూనియర్ ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూలు చేసిన ముగ్గురిలో నేనూ ఒకడిని. ఆ రోజు చివరగా వచ్చిన అమ్మాయి తలకు ఒక పక్క జుట్టు బాగా కురచగా కత్తిరించుకుని, రెండో పక్క నీలం రంగు వేసుకుని ఉంది. కనుబొమ మీద సన్నని రింగు. మేమిచ్చిన సమస్యను చదివి వెంటనే బోర్డు దగ్గరికి పోకుండా, అందులో ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నాయని చెప్పి, మాకు కావలసింది ఏదో అడిగింది. అదే ప్రశ్నను అంతకుముందు ఏడెనిమిది మందికి ఇచ్చాం. ఆ లోపం వాళ్ళెవరికీ తట్టలేదు, తయారు చేసిన మాకూ తట్టలేదు. ఆమె వెళ్ళాక మార్కులు వేసే ఫారంలో నాలుగు గడులున్నాయి: సాంకేతిక పరిజ్ఞానం, సమస్యను విడదీసే తీరు, మాట తీరు, ‘ప్రొఫెషనల్ ప్రెజెన్స్’. ఐదుకు గాను మొదటి మూడింటిలో 4, 5, 4 వేసి, నాలుగో గడిలో 2 వేశాను. ఆమెకంటే ముందు వచ్చిన, ఇస్త్రీ చొక్కా, చక్కగా దువ్విన తల ఉన్న అబ్బాయికి 4, 4, 3 వేసి, నాలుగో గడిలో 5 వేశాను. నాతో ఇంటర్వ్యూ చేసిన మిగతా ఇద్దరి మార్కులూ ఈ ఇద్దరు అభ్యర్థులకూ సమానంగా రావడంతో, నా కాగితం మీది 15కీ 16కీ మధ్య ఉన్న ఆ ఒక్క మార్కే ఉద్యోగం ఎవరిదో తేల్చింది.

నాలుగో గడిలో రెండు ఎందుకు వేశావని నన్ను ఎవరూ అడగలేదు. ఆ అబ్బాయి పని బాగానే చేస్తున్నాడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ అమ్మాయి మా ముందున్న గంటసేపట్లో ‘ప్రెజెన్స్’ అనే మాటకు తగనిది ఏం చేసిందని ఇప్పుడు నన్ను నేను అడుగుకుంటే జవాబు దొరకదు. సమయానికి వచ్చింది, అందరితో మర్యాదగా మాట్లాడింది, తెలియని చోట తెలియదని చెప్పింది. ఆమెకు నేను వేసిన రెండు మార్కులు ఆమె జుట్టుకు వేసినవే.

మన భాషలోనే ఈ అలవాటు ఎంత లోతుగా ఉందో చూడండి. లక్షణం అంటే గుణం, గుర్తు. అదే మాటకు ఒక ప్రత్యయం చేర్చి ‘పిల్లవాడు లక్షణంగా ఉన్నాడు’ అంటే మాత్రం మన చెవికి వినిపించేది అతని ముఖం, జుట్టు, బట్టలు. ‘పద్ధతిగా ఉంది’ అన్నప్పుడు కూడా నడవడిని మెచ్చుకుంటున్నామో రూపాన్ని మెచ్చుకుంటున్నామో మనమే విడదీసి చెప్పలేం. కనపడే తీరును బట్టి లోపలి గుణాన్ని పోల్చుకోవడం మనకు మాటతోపాటే అబ్బింది. పెళ్ళిచూపులకో, పరిచయాలకో పరిమితమైనంత కాలం దాని వల్ల జరిగే నష్టం ఒక తీరు. మనలో వేలాది మంది అమెరికాలో మేనేజర్లుగా, టీమ్ లీడ్‌లుగా ఉద్యోగాలిచ్చే కుర్చీల్లో కూర్చున్న ఈ రోజుల్లో దాని వల్ల జరిగే నష్టం పూర్తిగా వేరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళ కోసమే రాస్తున్నాను.

ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళమే ఇంటికి వచ్చేసరికి తల్లిదండ్రులం. ఈ మధ్య ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళేసరికి, మర్నాడు ఇంటర్వ్యూ ఉన్న కొడుకు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తండ్రి చేతిలో ట్రిమ్మర్ ఉంది. భుజాల దాకా పెంచుకున్న జుట్టును అబ్బాయి వెనక్కి దువ్వి, గట్టిగా ముడివేసుకున్నాడు. శుభ్రంగానే ఉంది. “ఒక్క రోజుకి కాస్త పొట్టిగా చేయించుకోరా, ఉద్యోగం వచ్చాక నీ ఇష్టం” అని తండ్రి బతిమాలుతున్నాడు. “ఉద్యోగం వచ్చాక రోజూ వెళ్ళేది నేనే కదా నాన్నా, వాళ్ళు రేపే నన్ను చూస్తే మంచిది కదా” అన్నాడు అబ్బాయి. ఆ మాటలో నాకు ఎదురు తిరగడం కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉద్యోగంలో చేరాలన్న నిజాయితీ కనిపించింది. తండ్రి నా వైపు తిరిగి “నువ్వైనా చెప్పు” అన్నాడు. నాలుగో గడిలో రెండు వేసిన చేయి నాది కావడంతో, ఆయన భయం ఉత్తదని ఆ పిల్లవాడికి చెప్పలేకపోయాను.

నిజంగానే ఉత్త భయం కాదది. హామర్‌మెష్, బిడిల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికా, కెనడా దేశాల సర్వేలను పరిశీలించి 1994లో ప్రచురించిన పరిశోధనలో, సగటు కంటే తక్కువ అందంగా ఉన్నారని ముద్ర పడినవాళ్ళు సగటు రూపం ఉన్నవాళ్ళ కంటే 5 నుంచి 10 శాతం దాకా తక్కువ సంపాదిస్తున్నారని తేలింది. ఇది ఆడవాళ్ళకే పరిమితమైన బాధ అనుకుంటాం గానీ, మగవాళ్ళ మీద ఆ ప్రభావం ఏమీ తక్కువ కాదని కూడా అదే పరిశోధన చెప్పింది. పిల్లల జుట్టు కత్తిరించమనే తండ్రి, ముక్కుపుడక తీసెయ్యమనే తల్లి, పచ్చబొట్టు కనపడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోమనే మేనమామ ఈ లెక్కలు చదవకపోయినా జీవితంలో చూసే ఉంటారు. వేరుగా కనపడితే వాకిట్లోనే ఆపేస్తారన్న అనుభవం మన ముందుతరానికి ఉంది. అందుకని వాళ్ళను తప్పుపట్టను. నా బాధల్లా, ఆ భయంతోనే తల దించుకుని లోపలికి వచ్చిన మనం, లోపలికి వచ్చాక అదే కొలబద్దను చేతిలోకి తీసుకుని తర్వాత వచ్చేవాళ్ళను కొలవడం గురించి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరు ఎలా వచ్చినా సంస్థ నోరెత్తకూడదని నేను అనడం లేదు. శుభ్రంగా రావాలని అడగడం, ఎదుటివాళ్ళ సమయానికి విలువిచ్చి తయారై రావాలని కోరడం ఎవరినైనా అడగదగినవే, ఎవరైనా చెయ్యగలిగినవే. అలాగే పని కోరే నియమాలు కొన్ని ఉంటాయి. విషవాయువులున్న చోట ముఖానికి బిగుతుగా అతుక్కునే రక్షణ మాస్కు వేసుకోవలసిన కార్మికుడికి, మాస్కు అంచు కింద గడ్డం ఉంటే గాలి లోపలికి జొరబడుతుంది. కాబట్టే అమెరికా భద్రతా నియమాలు అక్కడ గడ్డాన్ని అనుమతించవు. తిరిగే యంత్రం పక్కన వదులు జుట్టు, వేలాడే ఆభరణాలు ప్రాణాంతకం. ఇటువంటి నియమానికి కారణం అడిగితే ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పగలరు, ఆ వాక్యంలో పని పేరు ఉంటుంది. నీలం జుట్టుకు నేను తగ్గించిన మార్కులకు కారణం అడిగి ఉంటే నా నోటి వెంట వచ్చే వాక్యంలో ప్రోగ్రామింగ్ అనే మాట ఎక్కడా ఉండేది కాదు. ‘బాగుండదు’ అన్న మాట ఒక్కటే ఉండేది.

‘బాగుండదు’ అన్న మాట కోర్టుల దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. 2008లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో 17 ఏళ్ళ సమంతా ఎలాఫ్ అబర్‌క్రోంబీ బట్టల దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళింది. ఇంటర్వ్యూ చేసిన అసిస్టెంట్ మేనేజరు ఆ సంస్థ మామూలు పద్ధతిలోనే మార్కులు వేస్తే ఆమె ఎంపికకు సరిపోయింది. ముస్లిం అయిన ఆమె తలకు కట్టుకున్న వస్త్రం మాత్రం, ఉద్యోగులు ఎలా కనపడాలో సంస్థ పెట్టుకున్న ‘లుక్ పాలసీ’కి కుదరదని పైఅధికారి అనడంతో ఉద్యోగం రాలేదు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆమె పక్షాన నిలిచి, మతాచారానికి వెసులుబాటు ఇవ్వకుండా తప్పించుకునేందుకు ఉద్యోగం నిరాకరించడం పౌరహక్కుల చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఈ కథలో నన్ను ఆపేది తీర్పు కంటే ముందు జరిగిన చిన్న విషయం. మొదట వేసిన మార్కులు సరిగ్గానే ఉన్నాయి. వాటిని తర్వాత కిందికి దించింది రూపం గురించిన ఒక్క సంభాషణ.

రెండో ఉదంతం ఇంకా బాధాకరం. 2010లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరంలో ఒక సంస్థ, నల్లజాతి యువతికి ఉద్యోగం ఇస్తామని చెప్పి, జడలు కట్టినట్టు అల్లుకున్న ఆమె డ్రెడ్‌లాక్స్ కత్తిరించుకుంటేనే చేరవచ్చునని షరతు పెట్టింది. ఆ రకం జుట్టు చిందరవందర అవుతూ ఉంటుందనీ, ఆమెది అలా ఉందని తన ఉద్దేశం కాదనీ అక్కడి మానవ వనరుల అధికారిణి అన్నట్టు కేసు కాగితాల్లో ఉంది. ఆమె కత్తిరించుకోనంది, ఉద్యోగం పోయింది. ఆ ఉద్యోగం ఏమిటో తెలుసా? పెద్ద గదిలో కూర్చుని ఫోన్లకు జవాబు చెప్పడం. అవతలివాళ్ళకు ఆమె జుట్టు ఎప్పటికీ కనపడదు. అయినా 2016లో అప్పీలు కోర్టు, జుట్టును అలంకరించుకునే తీరు మార్చుకోగలిగినదే కాబట్టి పౌరహక్కుల చట్టం కిందికి రాదని సంస్థ పక్షానే తీర్పిచ్చింది. మార్చుకోగలిగినదే అయితే మార్చుకోమని అడగడం న్యాయమేనా అన్న ప్రశ్నకు కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టంతో జవాబిచ్చింది. ఒక జాతికి సహజమైన జుట్టును, దాన్ని అల్లుకునే తీరును కారణం చేసి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకూడదన్నది దాని సారం. ఆ తర్వాత 20కి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా తోటివారి నుంచి వచ్చే జవాబు ఒకటుంది: “నాకేం అభ్యంతరం లేదండీ, క్లయింట్లు ఏమనుకుంటారో అని.” ఈ వాదన చాలా పాతది. విమానాల్లో పరిచారకులుగా ఆడవాళ్ళే ఉండాలని ప్రయాణికులు కోరుకుంటున్నారని పాన్ అమెరికన్ విమాన సంస్థ వాదించినప్పుడు, 1971లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. వినియోగదారుల ఇష్టాయిష్టాలను వివక్షకు సాకుగా ఒప్పుకుంటే, ఏ దురభిప్రాయాలను తొలగించడానికి చట్టం వచ్చిందో అవే రాజ్యమేలుతాయి. పైగా మనలో చాలామందికి ఇది స్వానుభవం. మన ఉచ్చారణ క్లయింట్లకు నచ్చదేమోనని మనల్ని సమావేశాలకు దూరంగా ఉంచిన రోజులు మరిచిపోయామా?

ప్రొఫెషనల్ అన్న మాటకు స్థిరమైన రూపం ఉందనుకోవడం కూడా పొరపాటే. అమెరికా సెనేట్ సభలో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకుని రావడం 1993 దాకా చెల్లలేదు. నేడు దాన్ని తప్పుపట్టే ఊహ కూడా ఎవరికీ రాదు. నీలం జుట్టు గురించి నేను పడిన ఇబ్బంది కూడా ఇరవై ఏళ్ళకు అంతే వింతగా కనపడవచ్చు. అయితే ఆ ఇరవై ఏళ్ళలో ఉద్యోగాలు కోల్పోయేవాళ్ళు నిజమైన మనుషులు.

ఇప్పటి పిల్లల స్థితి మనం ఎదిగినప్పటి కంటే కష్టమైనదని నా అభిప్రాయం. వాళ్ళ ముఖం వాళ్ళకు రోజంతా తెర మీద కనపడుతూనే ఉంటుంది. ఇంటర్వ్యూలు కూడా కెమెరా ముందుకు వచ్చాయి. ఎదుట మనిషి లేకుండా రికార్డు చేసి పంపే జవాబులను సాఫ్ట్‌వేర్ తూచడం మొదలైంది. అభ్యర్థికి ముందే చెప్పి అంగీకారం తీసుకోకుండా అలా తూచకూడదని ఇల్లినాయ్ రాష్ట్రం 2020 నుంచి చట్టం అమలు చేస్తోంది. ఆ రంగంలో పేరున్న హైర్‌వ్యూ సంస్థ, ముఖ కవళికల విశ్లేషణను తన మదింపుల నుంచి తొలగిస్తున్నట్టు 2021లో ప్రకటించింది. యంత్రం కూడా చెయ్యకూడదని ఒప్పుకున్న పనిని మనం ఒక గడిలో అంకె వేసి చేస్తున్నాం.

చట్టం అన్ని చోట్లకూ రాదు. మిషిగన్ 1976లోనే ఎత్తు, బరువు కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. వాషింగ్టన్ డి.సి. ఆ మరుసటి ఏడాదే వ్యక్తిగత రూపాన్ని కూడా రక్షణ జాబితాలో చేర్చింది. అటువంటి చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. నీలం జుట్టునూ, కనుబొమ రింగునూ కాపాడే చట్టం చాలా చోట్ల లేదు, రేపు వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. అందుచేత ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చున్న ముగ్గురి మనస్సాక్షి మీదే అంతా ఆధారపడి ఉంది.

నా వంతుగా నేను చేసింది పెద్దదేమీ కాదు. ఆ ఇంటర్వ్యూ జరిగిన ఏడాదికి మా బృందం ఫారంలో నాలుగో గడిని తీయించాను. దాని బదులు, పని గురించి అభ్యర్థి అడిగిన ప్రశ్నలు ఏమిటో రాసే చోటు పెట్టాం. ముగ్గురం ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళం వేసి, ప్రతి అంకె పక్కనా కారణం ఒక వాక్యంలో రాయాలన్న నియమం కూడా పెట్టుకున్నాం. ఆ వాక్యం రాయడానికి కలం పట్టినప్పుడే నా అభిప్రాయం చాలాసార్లు కరిగిపోయింది. రాయబోయి, రాసుకోవడానికి సిగ్గేసి ఆగిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి.

మన తెలుగు సంఘం యువత కోసం పెట్టే ఉద్యోగ మార్గదర్శక శిబిరాల్లో పిల్లలకు పంచే కాగితంలో మొదటి అంశం ఎప్పుడూ ‘ఎలా కనపడాలి’ అన్నదే. దాన్ని మానేయమనడం లేదు. శుభ్రత గురించీ, సందర్భానికి తగిన బట్టల గురించీ పిల్లలకు తెలియాలి. కానీ దాన్ని మూడో పేజీకి మార్చమనీ, వచ్చే శిబిరంలో మొదటి గంట నాకు ఇవ్వమనీ కార్యవర్గాన్ని కోరాను. ఆ గంటలో పిల్లల బదులు, ఉద్యోగాలిచ్చే చోట కూర్చుంటున్న పెద్దలు రావాలి. వచ్చేటప్పుడు మీ మీ సంస్థల్లో మార్కులు వేసే పద్ధతిని గుర్తు చేసుకుని, అందులో ఏ అంకెకు పనితో సంబంధం లేదో ఆలోచించుకుని రండి. నేను మా పాత ఫారం ఖాళీ ప్రతి ఒకటి తెస్తాను, నాలుగో గడి ఉన్నది.