సవరణ: గిటార్ జరజరకు ట్రస్ రాడ్ బిగించమన్నాను, అది తప్పు

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగలు ఫ్రెట్‌లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకు) తగిలి జరజరమంటుంటే ట్రస్ రాడ్‌ని (మెడ లోపల ఉండే, దాని వంపును సరిచేసే లోహపు కడ్డీని) కొంచెం బిగించండి అని మొన్న రాశాను. అది తప్పు, అలా చేసినవాళ్ళకు మోత ఇంకా పెరిగి ఉంటుంది, క్షమించండి. బిగిస్తే మెడ నిటారుగా అయి తీగలు మొదటి ఫ్రెట్‌లకు మరింత దగ్గరవుతాయి. మోత మొదటి నాలుగైదు ఫ్రెట్‌లలోనే ఉండి, మెడలో వంపు మరీ తక్కువగా ఉంటేనే రాడ్‌ని వదులు చేయాలి. అదీ ఒకేసారి పావు చుట్టు మించకుండా, ప్రతిసారీ మళ్ళీ ట్యూన్ చేసి చూసుకుంటూ. బాడీ వైపున్న పై ఫ్రెట్‌లలో మోత వస్తుంటే ముందు బ్రిడ్జి దగ్గర శాడిల్ (తీగ ఆనుకునే చిన్న దిమ్మ) ఎత్తు చూడండి.

ఇంకో మాట అసలు రాయనేలేదు. అన్ని మోతలూ ఫ్రెట్‌లవి కావు. ట్రెమొలో (బ్రిడ్జిని ఊపి స్వరాన్ని వణికించే, వెనక స్ప్రింగులున్న అమరిక) ఉన్న గిటార్‌లో తీగలన్నిటినీ అరచేత్తో గట్టిగా అదిమిపట్టి బాడీ మీద వేలితో ఒక్కటి కొట్టండి, వెనక నుంచి సన్నగా, గిన్నె మోగినట్టు 'టింగ్‌‌' అని సాగితే అవి స్ప్రింగులే. వాటికీ చెక్కకీ మధ్య పల్చటి స్పాంజి ముక్క పెడితే చాలు, గొంతు మూగబోతుంది. ఒకే ఒక్క స్వరం దగ్గర గలగలమంటే మాత్రం ఏదో వదులై ఉండొచ్చు: తీగ బిగించే ట్యూనర్ నట్టు, శాడిల్ స్క్రూ, తీగ కదలికను పట్టే పికప్ కింది స్ప్రింగు. ఆ స్వరాన్ని ఎవరినైనా మోగించమని, మీరు ఒక్కో భాగాన్నీ వేలితో నొక్కుతూ వెళ్ళండి, ఎక్కడ ఆగితే అదే దొంగ.