"పానాలన్నీ ఒకటే" అనే మెసేజ్ నమ్మి బాక్సు కొనబోయే పిల్లలకి

మా మెకానిక్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరగతా ఉంది, మీకూ వచ్చే ఉంటది. అందులో ఉన్నది ఇదీ: బ్రాండ్ పానాలు (స్పానర్లు) కొని మోసపోవద్దు, అన్నీ పంజాబులో ఒకే ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, పేరు మాత్రమే మారుద్ది. పానా మీద క్రోమ్ వెనేడియం (ఒక రకం గట్టి స్టీలు) అని ఉంటే చాలు. చేతిలో బరువుగా ఉందంటే గట్టిదని అర్థం. ఐదారు వందలకే 46 ముక్కల బాక్సు వస్తా ఉంటే వేలు పొయ్యడం ఎందుకు. పనితనం ఉన్నోడికి ఏ పానా అయినా ఒకటే.

ఎవురో రాశారులే అని వదిలేసేవాణ్ణే, కానీ మా షాపులో పని నేర్చుకుంటున్న పిల్లోడు, ఐటీఐ అయ్యి ఆరు నెలలు, ఆ మెసేజ్ నాకు చూపించి అన్నా ఈ బాక్సు ఆర్డర్ పెట్టేదా అని అడిగాడు. వాడి దగ్గర ఉన్నదే రెండు మూడు వేలు. ఇట్టాంటోళ్ళు ఎంతమంది ఉంటారో అని రాస్తున్నా. నేను చీమకుర్తిలో క్వారీ కంప్రెసర్లు, టిప్పర్ల కాడ నాలుగేళ్ళు పని నేర్చుకున్నా, ఆ తర్వాత నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డులో షాపు పెట్టుకుని బండ్లు, రొయ్యల గుంటల మీద జనరేటర్లు, ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) రిపేరు చేస్తా ఉన్నా.

ఒకే ఫ్యాక్టరీ అనేదాంట్లో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. జలంధర్, లూధియానాల్లో పానాలు చేసే ఫ్యాక్టరీలు బోలెడు ఉన్నాయి, ఒకే చోట రెండు మూడు కంపెనీల పేర్లతో సరుకు తయారవడం కూడా మామూలే. కానీ అన్నీ అక్కడివే అనడం తప్పు, మనం రోజూ వాడే టపారియా నాసిక్‌ది. సరే, ఒకే ఫ్యాక్టరీ అనే అనుకుందాం, ఆర్డర్ ఇచ్చినోడు ఏ స్టీలు అడిగాడు, ఎంత ధరకి అడిగాడు, నోరు కొలత తేడా వచ్చిన పీసుల్ని పక్కన పడేశారా లేక అవి కూడా ప్యాక్ చేశారా, అరిగిన డైతోనే (అచ్చుతోనే) ఇంకో పదివేలు కొట్టారా, తేడా అంతా అక్కడే ఉంటది. మొలగొలుకుల వడ్లు ఆడించే మిల్లులోనే ఐఆర్ 64 రకం వడ్లు కూడా ఆడిస్తారు, అంతమాత్రాన రెండు బస్తాలూ ఒకటే రేటుకి మీరు కొంటారా?

క్రోమ్ వెనేడియం సంగతి అసలు ముఖ్యమైంది, దీన్ని కాస్త నిదానంగా చెబుతా. పానా మీద అక్షరాలు కొట్టడానికి ఒక డై చాలు, లోపల ఏ స్టీలు ఉందో ఆ అక్షరాలు చెప్పవు. పోనీ నిజంగానే మంచి స్టీలు అనుకున్నా పని సగమే అయినట్టు. ఆ ఇనుముని ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు, అప్పుడు గట్టిపడిద్ది కానీ గాజు మాదిరి పెళుసుగా ఉంటది. మళ్ళీ తక్కువ వేడిలో పెట్టి ఆ పెళుసుతనం తియ్యాలి, దాన్నే టెంపరింగ్ అంటారు. మన ఊళ్ళో కమ్మరాయన గడ్డపార మొన కాల్చి నీళ్ళలో ముంచి రంగు చూసుకుంటా ఎప్పుడు ఆపాలో అప్పుడు ఆపుతాడు చూడండి, అదే పని. మంచి పానా గట్టితనం రాక్‌వెల్ సి స్కేలు మీద 40 పైన 50 లోపల ఉంటది, ఆకురాయిది 60 పైన. చవక పానాలో కాల్చడం సరిగ్గా చెయ్యకపోతే మెత్తగా ఉండి నోరు విచ్చుకుంటది, టెంపరింగ్ ఎగ్గొడితే పటుక్కున విరుగుద్ది. ఈ రెండూ బయటికి కనపడవు, పైన నికెల్ మెరుపు మాత్రం రెండింటికీ ఒకటే.

మరి కొనేటప్పుడు ఎట్టా తెలుసుకోవాలి అంటే, జేబులో ఒక కొత్త బోల్టు వేసుకుని షాపుకి పోండి. తల పది నంబర్ బోల్టు అయితే పది నంబర్ పానా దానికి పెట్టి ఊపి చూడండి. పానా నోరు సరిగ్గా 10 మిల్లీమీటర్లే ఉండదు, దూరాలి కాబట్టి కొంచెం ఎక్కువ ఉంటది, కానీ ఆ ఎక్కువ మిల్లీమీటర్‌లో ఐదో వంతు దాటకూడదు. లొడలొడ ఆడిందంటే వదిలెయ్యండి, ఏ పేరున్నా సరే. మన దేశంలో డీ పానాలకి (నోరు తెరిచి ఉండేవి) ఐఎస్ 2028, రింగు పానాలకి (నట్టు చుట్టూ గుండ్రంగా పట్టేవి) ఐఎస్ 2029 అని ప్రమాణాలు ఉన్నాయి, కవర్ మీద ఆ నంబర్ ఉందేమో చూడండి. పాత పానా ఇంట్లో ఉంటే దాని పిడి మీద ఆకురాయి ఒకసారి లాగండి, జర్రున జారతా కష్టంగా పడితే మంచిది, పొడి పిండి మాదిరి రాలిందంటే మెత్తనిది.

బరువు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అది తిరగేసిన మాట. చేతి పానాల్లో స్టీలు బలహీనమైతే దాన్ని మందంగా చేస్తారు, మంచి స్టీలు అయితే రింగు గోడ పలచగా చేసినా తట్టుకుంటది. ఆ మందం రింగు సైలెన్సర్ పక్కన, ఇంజను మూలలో దూరదు, దూరక డీ పానా పెడతారు, డీ పానా నట్టుని రెండు మూలల మీదే పట్టుకుంటది, నట్టు మూలలు పోతాయి. రింగు పానా అయితే ఆరు మూలల్నీ పట్టుకుంటది. తుప్పు నట్టుకి పన్నెండు మూలల రింగు కంటే ఆరు మూలల సాకెట్ (నట్టు మీద టోపీ మాదిరి కూర్చునేది) ఇంకా మేలు, గుంటల మీద పనిచేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఉప్పు గాలికి అక్కడ ఏ నట్టూ సుఖంగా రాదు.

46 ముక్కల బాక్సులో ఏముంటదో విప్పి లెక్కపెట్టి చూశారా? 4 నుంచి 14 దాకా చిన్న సాకెట్లు ఓ పదమూడు, మిగతావి ఎక్కువ భాగం స్క్రూ బిట్లు, ఒక పావు అంగుళం రాచెట్ (సాకెట్ తిప్పే పిడి). 17 లేదు, 19 లేదు. స్ప్లెండర్ ప్లగ్గు తియ్యడానికి 16 పొడుగు సాకెట్ కావాలి, అది ఉండదు. పావు అంగుళం రాచెట్ అంటే సైడ్ ప్యానెల్ బోల్టులకి, చిన్న క్లాంపులకి చేసింది, దానికి వేరే పెద్ద సాకెట్ పెట్టి, పైపు తొడిగి వెనక చక్రం నట్టు తిప్పితే లోపలి పళ్ళు లేచిపోతాయి, చెయ్యి పోయి చైన్ స్ప్రాకెట్‌కి తగులుద్ది. ప్యానెళ్ళు ఊడదీసుకోవడానికి ఇంట్లో ఒకటి ఉంచుకుంటా అంటే నేను వద్దనను, దాంతో షాపు పెట్టుకుంటా అంటేనే అడ్డుపడతా.

ఇంకో మాట, మెసేజ్‌లో లేదు గానీ దాని కింద ఎవురో రాశారు, ఈ సాకెట్లే ఇంపాక్ట్ గన్నుకి (దెబ్బలు కొడతా నట్టు తిప్పే మిషన్) కూడా వాడుకోవచ్చు అని. దయచేసి వాడొద్దు. మెరిసే క్రోమ్ సాకెట్లు చేత్తో తిప్పేవి, ఇంపాక్ట్ గన్ను దెబ్బలకి పగిలి ముక్కలు ఎగురుతాయి. గన్నుకి వేరే నల్ల సాకెట్లు ఉంటాయి, వాటి స్టీలు ఆ దెబ్బలు తట్టుకునేట్టు చేసింది, గోడ కూడా మందం. చీమకుర్తిలో టైర్ల షాపులో క్రోమ్ సాకెట్ పగిలి పెచ్చు ఒకతని కనుబొమ్మలో దిగింది, వేలెడు కిందికి దిగుంటే కన్ను పొయ్యేది. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు.

పనితనం ఉంటే ఏదైనా ఒకటే అన్న మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే ఆ మాట వల్ల నట్టు జారినప్పుడల్లా పిల్లోడు తన చెయ్యే సరిగా లేదనుకుంటాడు. షాపు పెట్టిన కొత్తల్లో ఒక రాత్రి ఇందుకూరుపేట పక్కన గుంట మీద నుంచి ఫోన్ వచ్చింది, కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోయి పైపులో గాలి చేరి ఎయిర్ లాక్ అయ్యింది, ఏరియేటర్లు ఆగిపొయ్యాయి. తెల్లారగట్ట మూడు, అంటే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైము. ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి గాలి తియ్యాలి, పది నిమిషాల పని. నా దగ్గర ఉన్నది సంతలో కొన్న పానా, నోరు అప్పటికే విచ్చుకుంది, రెండో పట్టుకే బోల్టు మూలలు పొయ్యాయి. సానం (ఇనుము కోసే ఉలి) పెట్టి చిన్నగా కొట్టుకుంటా దాన్ని కదిలించేసరికి ముప్పావు గంట పట్టింది, ఆ లోపు రొయ్య పైకి తేలింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, గట్టు మీద టార్చి పట్టుకుని నిలబడ్డాడంతే. ఆ బోల్టు ఎట్టా తియ్యాలో నాకు తెలుసు, పట్టుకునే పానా లేదు.

స్క్రూడ్రైవర్ విషయం కూడా ఇట్టాంటిదే. జపాన్ డిజైన్ బండ్లలో కార్బురేటర్ కింద గిన్నెకుండే స్టార్ స్క్రూలు చూడ్డానికి మామూలు ఫిలిప్స్ మాదిరే ఉంటాయి గానీ గాడి వేరే, ఫిలిప్స్ మొన పూర్తిగా కిందికి దిగక పైకి ఎగతన్నుద్ది, స్క్రూ తల తినేస్తది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) మొన ఉన్న స్క్రూడ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే ఏళ్ళ తరబడి పడిన బాధ తీరుద్ది. అల్యూమినియంలోకి పొయ్యే 6 ఎంఎం బోల్టులు 10 న్యూటన్ మీటర్ల (బిగింపు కొలత) దగ్గరే ఆపాలి, ఎంత అనుభవం ఉన్న చెయ్యి అయినా అలిసిపోయిన సాయంత్రం ఎక్కువ బిగిస్తది, మర లేచిపోతది. టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) కొంటే ప్లస్ మైనస్ 4 శాతం అని రాసున్నది తీసుకోండి, దాంతో నట్లు వదులు చెయ్యొద్దు, పనైనాక స్ప్రింగుని కింది అంకెకి తిప్పి పెట్టండి.

అట్టాగని అన్నీ ఖరీదైనవి కొనమని కాదు, అప్పు చేసి విదేశీ బాక్సు తెచ్చుకోమని అంతకంటే కాదు. జీవితకాలం గ్యారంటీ అంటారు, అది తయారీ లోపానికే, అరుగుదలకి కాదు. టామీ రాడ్డు (పానాలో దూర్చి తిప్పే కడ్డీ), ట్రేలు, వైరు బ్రష్షు, నూనె డబ్బా, ఏడాదికోసారి వాడే 30, 32 పానాలు, ఇవి చవకవి చాలు. గ్యాస్‌తో కాల్చి వంచి ఇరుకు మూలకి తయారుచేసుకునే పానా కూడా చవకదే కొనండి, మంచిదాన్ని కాలిస్తే ఎట్టాగూ దాని టెంపర్ పోతది. నట్టుని పట్టుకునేది, స్క్రూలో దిగేది, కొలత చెప్పేది, ఈ మూడింటికే డబ్బు పెట్టండి, అది కూడా మధ్య రకం, తెలిసిన షాపులో, డూప్లికేట్ కాకుండా.

మా పిల్లోడు బాక్సు ఆర్డర్ పెట్టలేదు. నిన్న సాయంత్రం నెల్లూరు పొయ్యి రింగు పానాల్లో 8, 10, 12, 14, 17 వచ్చేవి, 16 ప్లగ్గు సాకెట్, జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చుకున్నాడు, ఇంకా ఎనిమిది వందలు మిగిలినయ్. అరంగుళం రాచెట్‌కి వచ్చే నెల చూద్దామన్నాడు.