జనవరి 26న పులిహోరలో ఇసుక

మెల్‌బోర్న్‌లో జనవరి 26 అంటే మండు వేసవి. మనకు గణతంత్ర దినం, వీళ్లకు ఆస్ట్రేలియా డే, 1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీలో దిగిన రోజు. (ఇక్కడి ఆదివాసుల్లో చాలామందికి మాత్రం అది దుఃఖదినం.) సెలవు కదా అని సెయింట్ కిల్డా బీచ్‌కి బయల్దేరాం. పార్కింగ్ కోసం నలభై నిమిషాలు గిరగిరా తిరిగాం. దొరికిన చోటు నుంచి ఇసుక దాకా మళ్లీ కిలోమీటరు నడక! చేతుల్లో గొడుగు, చాప, పులిహోర డబ్బా, చంకలో చిన్నాడు.

మూత తీశానో లేదో, గాలి గుప్పెడు ఇసుక తెచ్చి పోసింది. పోపులో వేరుశెనగ పప్పు ఏదో, ఇసుక ఏదో పంటికే తెలియాలి. మా ఆవిడ అప్పడం నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే సీగల్ పక్షి వచ్చి తన్నుకుపోయింది. మన ఊరి కాకులే నయం, ముందు అరిచి మరీ వస్తాయి.

ఇక్కడ సాయంత్రం నాలుగయ్యేసరికి అక్కడ ఢిల్లీలో పరేడ్ మొదలు. చూద్దామని ఫోన్ తీస్తే, ఆ ఎండకి స్క్రీన్ మీద నా మొహమే కనిపించింది. "నాన్నా, ఈరోజు మనది ఏ దేశం పండగ?" అన్నాడు పెద్దాడు.

జవాబు చెబుదామంటే నోటినిండా ఇసుకే.