పంటినొప్పి సాక్ష్యం

షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి నిట్టూర్చి, “పాపం, అతిగా ప్రేమించాడండీ” అంటారు. 1604లో లండన్ వైట్‌హాల్‌లో ఆడిన నాటి నుంచీ ఆ ‘పాపం’ ఒథెల్లో ఖాతాలోనే జమ అవుతోంది. ఆ మొగుడి చేతిలోనే ఊపిరాడక చనిపోయిన డెస్డిమోనాకు అందులో చిల్లర కూడా రాలేదు.

సేనాపతి ఒథెల్లో గారు తొందరపడ్డారని మాత్రం అనకూడదు. భార్యకు తన ఉపసేనాని కాసియోతో సంబంధం ఉందని కింది అధికారి ఇయాగో నూరిపోస్తే, ఆయన సాక్ష్యం అడిగారు, అదీ దొరికింది. ఇయాగో ఒక రాత్రి కాసియో పక్కన పడుకున్నాడట. పంటినొప్పితో నిద్ర పట్టలేదట. కాసియో నిద్రలో డెస్డిమోనా పేరు కలవరించి, ఇయాగో చేతినే నలిపి, ముద్దులు కురిపించి, కాలు తీసి అతని తొడ మీద వేశాడట. ఏ పన్ను నొప్పి పుట్టింది, పై దవడదా కింది దవడదా, మీసాలున్న మనిషిని ముద్దాడుతూ కూడా కాసియోకు మెలకువ ఎందుకు రాలేదు వంటి చిల్లర ప్రశ్నలు వేయడం వీరుల లక్షణం కాదు. “అది వట్టి కలేనండీ” అని సాక్షే చెప్పినా వినకుండా, డెస్డిమోనాను ముక్కలు ముక్కలుగా చీల్చేస్తానని న్యాయమూర్తి తీర్పు చెప్పేశారు.

డెస్డిమోనా వెంటే ఉండే పరిచారిక, ఇయాగో భార్య ఎమిలియా మాత్రం, ఆమె నిర్దోషి అని తన ఆత్మనే పణంగా పెట్టి చెప్పింది. కుంటెనకత్తె ఎవరైనా అంతమాత్రం చెప్పగలదని ఆయన కొట్టిపారేశారు. ఆడదాని ప్రమాణం కన్నా మగవాడి కలవరింత బరువెక్కువ కదా.

వెనిస్ దూత లొడొవికో కళ్లెదుటే ఒథెల్లో భార్యను కొట్టాడు. దూత గారు నివ్వెరపోయారు, క్షమాపణ చెప్పమన్నారు, ఆ రాత్రి అదే ఇంట్లో విందారగించి, దెబ్బ తిన్న ఇల్లాలికి వినయంగా కృతజ్ఞతలు చెప్పి సెలవు తీసుకున్నారు. మర్యాదట! చేతికి అధికారం ఉండి, కళ్లతో చూసి, నోరు విందుకు మాత్రమే తెరిచిన ఈ మనిషిని ఏ పెద్దమనిషీ తిట్టగా నేను వినలేదు. హత్య జరిగాక నోరు తెరిచి నిజం చెప్పింది ఎమిలియా ఒక్కతే. “ఇంటికి పో” అన్నాడు మొగుడు ఇయాగో. పోనంది. పొడిచి చంపాడు. తనను డెస్డిమోనా పక్కనే పడుకోబెట్టమని అడిగి కన్నుమూసింది.

చివరి మాటలు కూడా లొడొవికోవే. శవాలున్న ఆ మంచం చూడలేకపోతున్నాను, కప్పేయండి అన్నాడు. ఆ వెంటనే, ఒథెల్లో ఇల్లూ ఆస్తీ డెస్డిమోనా తండ్రి తోబుట్టువైన గ్రేషియానోకు చెందుతాయని ప్రకటించాడు.